బిగుసుకుపోయిన పాత హీలియోస్ లెన్సును ఇంట్లోనే విప్పి గ్రీజు మార్చవచ్చునా?

ఉక్కునగరవాసి (ప్రశ్న):

సభ్యులందరికీ నమస్కారం. విశాఖ ఉక్కు కర్మాగారాన్ని సోవియట్ సహకారంతో కడుతున్న రోజుల్లో మా నాన్నగారు అక్కడ ఉద్యోగంలో ఉండేవారు. ఆయనతో కలిసి పనిచేసిన రష్యన్ ఇంజినీరు ఒకాయన స్వదేశానికి వెళ్ళిపోతూ తన జెనిట్-ఇ కెమెరాను నాన్నగారి చేతిలో పెట్టి వెళ్ళారట. కెమెరా షట్టరు ఇప్పటికీ పనిచేస్తోంది. దానికి బిగించి ఉన్న 58 మి.మీ. హీలియోస్ 44-2 లెన్సుతోనే నాకు వచ్చిన చిక్కంతా. సీరియల్ సంఖ్య 81తో మొదలవుతోంది. సోవియట్ లెన్సుల మీద మొదటి రెండు అంకెలు సాధారణంగా తయారైన సంవత్సరాన్ని సూచిస్తాయని ఇక్కడే ఎవరో రాయగా చదివాను కనుక, ఇది 1981 నాటిదని అనుకుంటున్నాను.

ఫోకస్ రింగు ఎంత బిగుసుకుపోయిందంటే, రెండు చేతులతో పట్టి తిప్పితే తప్ప కదలదు. పైగా ఇది ఎం42 రకం, అంటే కెమెరాకు మరలతో బిగించే లెన్సు కావడం వల్ల ఒక వింత జరుగుతోంది. రింగును ఒక వైపు బలంగా తిప్పినప్పుడు ఫోకస్ మారడానికి బదులు లెన్సు మొత్తం కెమెరా నుంచి ఊడి నా చేతిలోకి వస్తోంది. మొన్న తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్‌లో పడవల మధ్య నిలబడి ఫోటో తీయబోతుండగా ఇలాగే జరిగింది. చేపల బుట్టలో పడవలసిన లెన్సును చొక్కాకు అదుముకుని ఆపుకున్నాను.

డిసెంబరులో లంబసింగి వెళ్ళినప్పుడు ఆ చలికి రింగు బొత్తిగా కదలడం మానేసింది. కొండ దిగి విశాఖ చేరాక మళ్ళీ కొంచెం కొంచెంగా తిరగడం మొదలుపెట్టింది. గాజులో బూజు ఏమీ కనిపించడం లేదు, అపర్చర్ రెక్కలు, అంటే వెలుతురు వచ్చే రంధ్రాన్ని చిన్నదీ పెద్దదీ చేసే పలకలు, మాత్రం కొద్దిగా నూనె పూసినట్టు మెరుస్తున్నాయి. ఊళ్ళో ఒక దుకాణంలో చూపిస్తే, దీనికి పెట్టే ఖర్చుతో ఇంకొకటి కొనుక్కోవచ్చునని చెప్పి, కనీసం చేతిలోకి తీసుకుని చూడకుండానే పంపించేశారు. ఇంకొకటి కొనుక్కోవచ్చు, నిజమే, కానీ అది నాన్నగారిది కాదు.

నా దగ్గర సెల్‌ఫోన్లు విప్పే చిన్న స్క్రూడ్రైవర్ల పెట్టె ఉంది, ఆదివారాలు ఖాళీగా ఉంటాను. గడియారాలూ రేడియోలూ విప్పిన అనుభవం కొంత ఉంది కానీ లెన్సును ఎన్నడూ ముట్టుకోలేదు. ఇంట్లోనే ఈ పని చేయడం సాధ్యమేనా? ఏ గ్రీజు వాడాలి? ఎక్కడ తప్పు జరిగే అవకాశం ఎక్కువ?


చీకటిగది:

ఉక్కునగరవాసి గారూ, విప్పడానికి ముందు అసలు ఎందుకు బిగుసుకుందో తెలుసుకోవాలి, ఎందుకంటే అన్ని బిగుతులూ ఒకటి కావు. రింగును ఈ కొస నుంచి ఆ కొస వరకు మెల్లగా తిప్పుతూ చేతికి ఏమి తెలుస్తోందో గమనించండి. మొదటి నుంచి చివరి వరకు ఒకే తీరుగా బరువుగా, బెల్లప్పాకంలో గరిటె తిప్పినట్టు ఉంటే అది గ్రీజు ముదిరిన లక్షణం, దానికి మందు ఉంది. ఒకే చోటికి వచ్చేసరికి పట్టేసి, అది దాటాక తేలికైపోతే మాత్రం లెన్సు ఎప్పుడో కింద పడి గొట్టం సొట్టబోయి ఉండవచ్చు. అది గ్రీజు మార్చినంత మాత్రాన తీరదు. కరకరమని చప్పుడు వస్తే లోపల ఇసుక ఉన్నట్టు. మన ఊళ్ళో రామకృష్ణా బీచికి వెళ్ళని కెమెరా ఉండదు కనుక ఇది అరుదేమీ కాదు. ఇసుక ఉందనిపిస్తే ఇక ఒక్క చుట్టు కూడా తిప్పకండి. అల్యూమినియం మరలను ఆ రేణువులు ఆకురాయిలా అరగదీస్తాయి.

మరొక మాట అడగాలి. చలిలో కొంత గట్టిపడటం పాత గ్రీజుకు సహజమే కానీ, మీరు చెప్పినట్టు పూర్తిగా కదలకుండా పోవడం నాకు కొంచెం అనుమానంగా ఉంది. ఈ లెన్సులో ఎవరైనా, ఎప్పుడైనా, ఏదైనా నూనె పోశారా?


ఉక్కునగరవాసి:

చీకటిగది గారూ, మీ ప్రశ్న చదివి నాన్నగారిని అడిగాను. కాసేపు ఆలోచించి, ఏడెనిమిదేళ్ళ కిందట రింగు పట్టేస్తోందని మా మేనమామ రెండు చుక్కలు కొబ్బరినూనె వేశారని ఒప్పుకున్నారు. అప్పట్లో రెండు నెలలు బాగా తిరిగిందట. రింగు అంతటా ఒకే బరువుతో తిరుగుతోంది, ఎక్కడా చప్పుడు లేదు.


చీకటిగది:

అయితే లంబసింగి రహస్యం తేలిపోయింది. కొబ్బరినూనె సుమారు 24, 25 డిగ్రీల దగ్గరే పేరుకోవడం మొదలుపెడుతుంది. చలికాలంలో సీసాను వేడినీళ్ళలో పెట్టే మన ఇళ్ళలో ఎవరికీ ఇది చెప్పనక్కరలేదు. మీ లెన్సులో జరిగింది అదే. కొండ మీద నూనె గడ్డకట్టింది, ఊళ్ళోకి దిగాక కరిగింది. అపర్చర్ రెక్కల మీద మెరుపు కూడా చాలావరకు ఆ రెండు చుక్కల పుణ్యమే అయి ఉంటుంది. విప్పి కడగడం తప్ప మార్గం లేదు. ఆ పని నాకన్నా బాగా చెప్పగలవారు ఇక్కడ ఉన్నారు.


మరమ్మతుల బల్ల:

పిలవకపోయినా వచ్చాను. నేను వృత్తిరీత్యా కెమెరాలు బాగుచేసేవాణ్ణి కాను. పదేళ్ళుగా కంచరపాలెంలో మా ఇంటి వరండాలో బల్ల వేసుకుని పాత లెన్సులు విప్పుతున్నాను, వాటిలో సోవియట్ లెన్సులే ఎక్కువ. మీ చేతిలో ఉన్నది మొదటిసారి విప్పేవారికి దొరకగలిగిన మంచి లెన్సుల్లో ఒకటి. జర్మనీలోని కార్ల్ జైస్ యెనా వారి బయోటార్ నమూనాను అనుసరించి చేసినది, లోపల ఆరు గాజులు, ఎనిమిది అపర్చర్ రెక్కలు ఉంటాయి. స్ప్రింగులతో అపర్చర్ దానంతట అది మూసుకునే ఏర్పాటు దీనిలో లేదు, ఒక రింగుతో హద్దు పెట్టుకుని రెండో రింగుతో చేతితోనే మూయాలి. అందువల్ల రెక్కల మీద కాస్త నూనె ఉన్నా పని ఆగిపోదు. అదే ఆటోమేటిక్ లెన్సులో అయితే ఆ నూనెకే రెక్కలు అంటుకుని షట్టరు పడేలోగా మూసుకోక ఫోటోలన్నీ తెల్లబోతాయి.

ముందుగా గ్రీజు ఎందుకు ముదురుతుందో చెప్పనివ్వండి, ఎందుకంటే అది అర్థమైతే ఏమి చేయకూడదో దానంతట అదే తెలుస్తుంది. గ్రీజు అంటే నూనెను సబ్బు లాంటి పదార్థం స్పంజిలా పట్టి ఉంచడమే. ఏళ్ళు గడిచేకొద్దీ నూనె జారిపోయి ఎక్కడెక్కడికో పాకుతుంది, పట్టి ఉంచిన పదార్థం మాత్రం మరల మధ్య మైనంలా మిగిలిపోతుంది. నూనె అంతా తేలిపోయి, అడుగున పిండి మాత్రమే గట్టిపడిన ఆవకాయ జాడీని ఊహించుకోండి. దానిమీద కొత్త నూనె పోస్తే కాసేపు మెత్తబడుతుంది, తరువాత ఆ నూనె కూడా తన దారి తాను చూసుకుంటుంది. తుప్పు వదిలించడానికి డబ్బాలో అమ్మే స్ప్రే నూనెలు ఇంకా ప్రమాదకరం. అవి పలచన, అందువల్ల మరలను దాటి రెక్కల మీదికీ గాజు మీదికీ వెళ్ళిపోతాయి.

ఇక పని. గాజులున్న భాగాన్ని, మరలున్న భాగాన్ని వేరు చేయడమే మొదటి మెట్టు. సోవియట్ లెన్సుల్లో చాలావాటికి గాజులూ రెక్కలూ కలిసి ఒకే దిమ్మగా ఉండి, ఆ దిమ్మ మొత్తంగా ఫోకస్ గొట్టం నుంచి బయటికి వస్తుంది. దాన్ని తీసి, మూత పెట్టి, శుభ్రమైన డబ్బాలో దాచేయండి. గాజుల జోలికి వెళ్ళకండి, మీ రోగం అక్కడ లేదు. దిమ్మ కింద పలచటి లోహపు వలయం ఏదైనా కనబడితే అది పనికిరానిదనుకుని పారేయకండి, ఫోకస్ కొలతను సరిచేయడానికి కర్మాగారంలో పెట్టినదది. ఏ స్క్రూ ఎక్కడ ఉంటుందన్నది తయారైన కర్మాగారాన్ని, సంవత్సరాన్ని బట్టి కొంత మారుతుంది కనుక అంకెలు వేసి చెప్పడం లేదు. ప్రతి అడుగునా ఫోన్‌తో ఫోటో తీసుకోండి, అదే మీకు తిరుగు దారి.

స్క్రూల తలల మీద గీత ఉంటుంది. స్క్రూడ్రైవర్ మొన ఆ గీతను నిండుగా పట్టుకోవాలి. లావైతే సానరాతి మీద రుద్ది సరిచేసుకోండి, సన్నగా ఉన్నదానితో మాత్రం ప్రయత్నించకండి. పక్కన దాగి ఉండే చిన్న మరమేకులను రంగుతోనో లక్కతోనో అంటించి ఉంచుతారు. సూది మొనతో ఒక్క చుక్క అసిటోన్ వేసి పది నిమిషాలు ఆగితే అవి మెత్తబడతాయి. అసిటోన్ అంకెల రంగును కూడా తినేస్తుంది కనుక దూదితో రుద్దే పని పెట్టుకోవద్దు. అప్పటికీ కదలకపోతే జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్‌తో కొంచెం వేడి చేయండి.

అసలు గండం ఇప్పుడు వస్తుంది. ఫోకస్ మరలు మామూలు బోల్టు మరల వంటివి కావు. ఒకే దారిలో చుట్టుకుపోయే మర కాదు, పక్కపక్కనే అనేక దారులు ఒకేసారి మొదలయ్యే మర. అందుకే రింగును ఒక చుట్టు కూడా పూర్తిగా తిప్పకముందే లెన్సు అంత ముందుకు జరుగుతుంది. విప్పడానికి ఇది అడ్డు కాదు, కానీ తిరిగి ఎక్కించేటప్పుడు అన్ని దారుల్లో ఏ దారిలోనైనా అది ఎక్కేస్తుంది, వాటిలో ఒక్కటే సరైనది. తప్పు దారిలో ఎక్కిస్తే రింగు చక్కగా తిరుగుతుంది, మీరు సంతోషిస్తారు, తీరా చూస్తే దూరాన ఉన్నదేదీ స్పష్టంగా రాదు. కాబట్టి మరలు విడిపోయే ఆ క్షణం ఎంతో జాగ్రత్తగా ఉండాలి. అంగుళం అంగుళంగా తిప్పుతూ, పట్టు వదిలిన చోట ఆగి, రెండు భాగాల మీదా ఎదురెదురుగా సూదితో సన్నని గీత గీయండి. పెన్సిలుతోనో పెన్నుతోనో పెట్టిన గుర్తు కడిగినప్పుడు పోతుంది. చాలా లెన్సుల్లో ఇటువంటి మరలు రెండు జతలుంటాయి, రెండింటికీ గీతలు కావాలి. విప్పడం మొదలుపెట్టక ముందే ఫోకస్‌ను అనంతం గుర్తు (బాగా దూరాన ఉన్నవి స్పష్టంగా వచ్చే చోటు) దగ్గర పెట్టి ఏ భాగం ఎక్కడ ఉందో కూడా ఒక గీత గీసి పెట్టుకోండి.

లెన్సు తాను గుండ్రంగా తిరగకుండా నేరుగా ముందుకు జరిగేటట్టు ఆపే చిన్న పట్టీలు లోపల ఉంటాయి. మరలను విడదీసే ముందు వాటిని తీయాలి, తీసేటప్పుడు ఏ పట్టీ ఏ గాడిలోదో, ఏ వైపు పైకి ఉందో గుర్తు పెట్టుకోవాలి. ఇవి కాస్త పక్కకు బిగిసినా కొత్త గ్రీజు వేసిన తరువాత కూడా లెన్సు బిగుతుగానే ఉంటుంది. చాలామంది గ్రీజును తిట్టుకుంటారు కానీ తప్పు పట్టీది.

కడగడానికి లైటర్లలో పోసే నాఫ్తా గానీ, సెల్‌ఫోన్లు బాగుచేసేవారు వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గానీ సరిపోతుంది. వంటింట్లో కాదు, దీపం దగ్గర అంతకన్నా కాదు, గాలి ఆడే వరండాలో కూర్చుని చేయండి. పాత టూత్‌బ్రష్‌తో మర వెంబడే రుద్దండి, లోతులో మిగిలినదాన్ని అగరుబత్తి పుల్ల చెక్కి తీయండి. ఇనుప సూది వాడవద్దు. గుడ్డకు నల్లగా అంటడం ఆగేవరకు, మూడు నాలుగు సార్లయినా కడగాలి.

గ్రీజు విషయంలో ఒక్క మాట. సైకిలుకో బండికో వేసే గ్రీజు వద్దు, వ్యాజ్‌లైన్ అసలు వద్దు. ఎండలో నిలిపిన కారులో వ్యాజ్‌లైన్ నీరైపోతుందని మన వేసవి తెలిసినవారికి వేరే చెప్పనక్కరలేదు. లెన్సుల కోసమే చేసే డ్యాంపింగ్ గ్రీజు (రింగు జారకుండా నిదానంగా తిరిగేటట్టు చేసేది) ఆన్‌లైన్లో చిన్న డబ్బాల్లో దొరుకుతుంది, తక్కువ చిక్కదనం ఉన్నది తీసుకోండి. ఎంత వేయాలంటే, మర మీద రాసిన తరువాత కూడా లోహపు రంగు లోపలి నుంచి కనబడుతూ ఉండాలి. మొత్తం లెన్సుకు నాలుగైదు అగ్గిపుల్లల తలలంత గ్రీజు చాలు. ఎక్కువ వేస్తే లాభం లేదు సరికదా, మిగులంతా ఒక కొసకు చేరి మళ్ళీ రెక్కల దారి పడుతుంది.


భీమిలి తీరం:

మరమ్మతుల బల్ల గారు చెప్పినదానికి నా అనుభవం కొంత చేరుస్తాను, అది విజయగాథ కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన ఊరిని తాకినప్పుడు మా ఇంటి కిటికీ అద్దాలు పగిలి అలమరలోకి నీళ్ళొచ్చాయి. కరెంటు లేని ఆ రోజుల్లో తిండి, నీళ్ళు చూసుకోవడమే గగనమైంది కనుక లెన్సుల సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. నెల తరువాత తీసి చూస్తే ఒక లెన్సు ఫోకస్ రింగు బొత్తిగా కదలడం లేదు. నేను గ్రీజు ముదిరిందనే అనుకుని బలంగా తిప్పాను. తీరా విప్పి చూస్తే మరల మధ్య సున్నం లాంటి తెల్లని పొడి ఉంది. ఉప్పు నీటి తడి తగిలిన చోట, ఇత్తడీ అల్యూమినియమూ ఒకదానికొకటి ఆనుకుని ఉంటే అల్యూమినియం తినబడి అలా పొడి అవుతుందని తరువాత తెలిసింది. అప్పటికే నేను తిప్పిన తిప్పుడుకు రెండు మరల అంచులు చెక్కుకుపోయాయి. ఆ లెన్సు ఇప్పుడు కాగితాల మీద బరువుగా పనిచేస్తోంది.

కనుక ఉక్కునగరవాసి గారూ, విప్పిన తరువాత తెల్లపొడి కనిపిస్తే తొందరపడకండి. నాఫ్తాలో రాత్రంతా నానబెట్టి, పుల్లతో మెల్లగా గీకి తీయండి. సముద్రానికి నాలుగు కిలోమీటర్ల లోపల ఉన్న ఏ ఇంట్లోనైనా ఇది జరగవచ్చు.

నిల్వ గురించి కూడా చెప్పాలి. తేమ పీల్చుకుంటుందని కొందరు లెన్సును బియ్యం డబ్బాలో పెట్టమంటారు. దయచేసి ఆ పని చేయవద్దు. బియ్యం పిండి సన్నని ధూళిలా మరల్లోకి చేరుతుంది. మన ఊళ్ళో ఏడాదిలో చాలా కాలం గాలిలో తేమ 70 శాతానికి అటూ ఇటూ ఉంటుంది, బూజుకు అంతకన్నా అనుకూలమైన వాతావరణం ఉండదు. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ సంచులు వేసి, చిన్న తేమ మీటరు పెట్టి, 40 నుంచి 50 శాతం మధ్య ఉండేటట్టు చూసుకుంటే చాలు. తోలు కవరులో మాత్రం దాచకండి. తోలు తేమను పట్టి ఉంచుతుంది, బూజు మొదట పుట్టేది అక్కడే.

అన్నట్టు, విప్పిన స్క్రూలను వరుసలో పెట్టుకోవడానికి నేను ఇడ్లీ రేకు వాడాను. గుంటకొక మెట్టు చొప్పున చాలా చక్కగా కుదిరిందని మురిసిపోయాను కానీ, ఇడ్లీ రేకుకు కన్నాలుంటాయన్న సంగతి రెండు మరమేకులు పోయాక గానీ తట్టలేదు.


మరమ్మతుల బల్ల:

గుంతపొంగణాల పెనం వాడండి, దానికి కన్నాలుండవు. ఇంట్లో అనుమతి తీసుకోవడం మీ బాధ్యత.


చీకటిగది:

ముందు వైపు పేరు చెక్కి ఉన్న వలయాన్ని తీయవలసి వస్తే దానికి స్క్రూ గీతలేమీ ఉండకపోవచ్చు. అలాంటప్పుడు పట్టుకారుతో గిల్లకండి. పాత హవాయి చెప్పు అడుగు నుంచి ఆ వలయానికి సరిపడేంత గుండ్రని ముక్క కోసి, మధ్యలో గాజుకు తగలకుండా గుంట చేసి, దానిని అదిమి తిప్పితే రబ్బరు పట్టుకే అది తిరుగుతుంది. నేను పదిహేనేళ్ళుగా ఒకే చెప్పు వాడుతున్నాను, దాని జత ఎక్కడుందో తెలియదు.


ఉక్కునగరవాసి:

అందరికీ కృతజ్ఞతలు. మూడు ఆదివారాలు పట్టింది. జరిగింది జరిగినట్టు రాస్తాను, తరువాత ఇదే పని చేసేవారికి నా పొరపాట్లు పనికిరావచ్చు.

మొదటి ఆదివారం విప్పడంతోనే గడిచింది. గాజుల దిమ్మ మీరు చెప్పినట్టే మొత్తంగా బయటికి వచ్చింది. ఒక మరమేకు మాత్రం అసిటోన్‌కూ లొంగలేదు, డ్రయ్యర్‌కూ లొంగలేదు. రెండూ ఒకదాని తరువాత ఒకటి మూడు సార్లు చేశాక టక్కున వదిలింది. మరల మధ్య కనిపించింది గ్రీజు అని చెప్పలేను. గోధుమ రంగులో చెవిలో గుబిలిలా ఉంది, వాసన చూస్తే ముక్కిపోయిన కొబ్బరినూనె వాసన ఇంకా ఉంది. మా మేనమామకు ఫోటో పంపాను, ఆయన నుంచి జవాబు రాలేదు. తెల్లపొడి లేకపోవడం నా అదృష్టం.

రెండో ఆదివారం కడిగి, గ్రీజు రాసి, తిరిగి బిగించాను. రింగు వేలితో తోస్తే తిరిగేంత మెత్తగా వచ్చింది. నాన్నగారు దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ చాలాసేపు తిప్పుతూ కూర్చున్నారు. సాయంత్రం లెన్సును అడాప్టర్‌తో మిర్రర్‌లెస్ కెమెరాకు, అంటే లోపల అద్దం లేని డిజిటల్ కెమెరాకు బిగించి రామకృష్ణా బీచికి వెళ్ళి, డాల్ఫిన్స్ నోస్ మీది దీపస్తంభాన్ని తెర మీద పెద్దది చేసి చూశాను. స్పష్టంగా రాలేదు. రింగును అనంతం కొసకు నొక్కి పెట్టినా దీపస్తంభం మసకగానే ఉంది. దానికన్నా ఎంతో దగ్గరగా, తీరం మీదే ఉన్న కురుసుర జలాంతర్గామి మాత్రం చక్కగా కనబడింది. మరమ్మతుల బల్ల గారు హెచ్చరించిన తప్పే చేశానని అక్కడే అర్థమైంది. రెండు జతల్లో ఒకదానికి గీత గీశాను, రెండోది అనుకోకుండా చేతిలో విడిపోవడంతో ఇక్కడే విడిపోయి ఉంటుందిలే అని అంచనాగా గీసిన సంగతి మీకు చెప్పలేదు.

మూడో ఆదివారం మళ్ళీ విప్పాను. ఈసారి ఒక్కొక్క దారిలో ఎక్కించి చూడటమే మిగిలింది. మర ఎక్కించే ముందు దాన్ని వెనక్కి, అంటే విప్పే దిక్కుకు మెల్లగా తిప్పుతూ పోతే ఒక చోట చిన్నగా టిక్కుమని దిగుతుంది. అక్కడి నుంచి ముందుకు తిప్పితే బలం పెట్టనవసరం లేకుండా ఎక్కుతుంది. ఈ కిటుకు మీరెవరూ చెప్పలేదు, రెండో ప్రయత్నంలో వేళ్ళే నేర్చుకున్నాయి. మూడో దారిలో ఎక్కించినప్పుడు పాత గీతలు ఎదురెదురుగా వచ్చాయి. అయినా తొందరపడి పూర్తిగా బిగించకుండా, దిమ్మను పెట్టి వరండా నుంచే దూరాన ఉన్న నీటి ట్యాంకు మీద ఫోకస్ చూసుకున్నాను. ఆ తరువాతే పట్టీలు బిగించాను.

ఇప్పుడు ఒక సందేహం మిగిలింది. అడాప్టర్ మీద దీపస్తంభం ఇప్పుడు స్పష్టంగా వస్తోంది కానీ, రింగు అనంతం గుర్తుకు కొంచెం ముందే స్పష్టత వచ్చి, ఆ తరువాత మళ్ళీ మసకబారుతోంది. ఇంకా తప్పేమైనా మిగిలిందా?


మరమ్మతుల బల్ల:

మూడో ఆదివారం దాకా ఆగిన మీ ఓపికకు ముందుగా అభినందనలు. మీరు చెప్పిన లక్షణాన్ని బట్టి చూస్తే తప్పు లెన్సులో కాదు, అడాప్టర్‌లో ఉండే అవకాశమే ఎక్కువ. ఎం42 లెన్సు అంచు నుంచి ఫిల్ము వరకు 45.46 మి.మీ. దూరం ఉండాలి. సోనీ మిర్రర్‌లెస్ కెమెరాలో ఆ దూరం 18 మి.మీ. కనుక అడాప్టర్ మందం 27.46 మి.మీ. కావాలి. దూరాన ఉన్నవి ఫోకస్ కాలేదని ఎవరూ ఫిర్యాదు చేయకుండా ఉండేందుకు చాలామంది తయారీదారులు దాన్ని కావాలనే కొంచెం పలచగా చేస్తారు, అప్పుడు మీరు చెప్పినట్టే అనంతం ముందుగా వచ్చేస్తుంది. అడాప్టర్‌ను నమ్మి ఫోకస్ రింగులోని మరమేకులను సడలించి సరిచేశారంటే, జెనిట్ మీద పెట్టినప్పుడు తప్పు వస్తుంది.

కనుక జెనిట్ మీదే చూడండి. ఫిల్ము లేకుండా వెనక మూత తెరిచి, ఫిల్ము ఆనే రెండు పట్టాల మీద మసకగా ఉండే సెలోటేపు ముక్కను ముడతలు లేకుండా అంటించండి. షట్టరును బి (మీట నొక్కినంతసేపూ తెరిచి ఉండే అమరిక) మీద పెట్టి తెరిచి ఉంచి, అపర్చర్ పూర్తిగా తీసి, అదే దీపస్తంభం వైపు తిప్పండి. టేపు మీద బొమ్మ తలకిందులుగా పడుతుంది, భూతద్దంతో చూడండి. రింగు సరిగ్గా అనంతం దగ్గర ఆగినప్పుడు అది స్పష్టంగా ఉంటే మీ పని పూర్తయినట్టే, మరమేకులను సడలించవద్దు.


ఉక్కునగరవాసి:

ఈ సాయంత్రం చూశాను. వెలుతురులో టేపు మీద ఏమీ కనబడటం లేదని నాన్నగారు తన కండువాను నా తల మీదుగా కెమెరా మీద కప్పారు. దీపస్తంభం, దాని పక్కనున్న కొండ అంచు తలకిందులుగా, గీత గీసినంత స్పష్టంగా పడ్డాయి. రింగు సరిగ్గా అనంతం గుర్తు మీద ఉంది. మరమేకులు బిగించి, వాటి మీద ఒక్కొక్క చుక్క గోళ్ళ రంగు వేశాను.